తేదీ దగ్గరపడితే ఎవరి ధర తగ్గుతోంది?

నరసరావుపేటలోనో పిడుగురాళ్లలోనో ఏ పెద్ద సూపర్ మార్కెట్‌లోకైనా వెళ్లి చివరిదాకా నడవండి. ఒక మూల గంపలోనో, అడుగు అరలోనో ఎర్ర చీటీ అంటించిన సరుకు కనపడుతుంది. బిస్కెట్లు, సేమ్యా, కారం పొడి, గోధుమపిండి, అప్పుడప్పుడూ నూనె ప్యాకెట్లు. సగం ధర అని రాసి ఉంటుంది, లేదంటే ఒకటి కొంటే ఒకటి ఉచితం అని. ప్యాకెట్ తిప్పి చూస్తే గడువు ఇంకో ఇరవై రోజులో పది రోజులో మిగిలి ఉంటుంది. పండగలకు సరుకులు తెచ్చుకోను పోయిన మన ఆడవాళ్లు ఈ గంప దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నారు. ఇవి తినొచ్చా, ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారు అని మండల సమావేశాల్లో మమ్మల్ని అడుగుతున్నారు.

రైతు సంఘం పత్రికలో షాపుల గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ గంపలో ఉన్నది మన పంటే. పైగా, ఆ మూల జరిగే ధర తగ్గింపునూ మన కళ్లంలో, మిర్చి యార్డులో, పురుగుమందుల కొట్టులో జరిగేదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ వ్యాపారంలో నష్టాన్ని ఎవరు ఎవరి నెత్తికెత్తుతున్నారో తేటగా కనపడుతుంది. అందుకే ఈ నెల సంపాదకీయం దీనిమీద రాస్తున్నాం.

ముందు అడిగినదానికి జవాబు. ప్యాకెట్ మీద రెండు రకాల గడువులు ఉంటాయి. ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై అని ఉంటే ఆ తేదీ దాటాక తినకూడదు, అమ్మకూడదు. బెస్ట్ బిఫోర్ అని ఉంటే ఆ తేదీ వరకు రుచి, వాసన, కరకర తగ్గవని కంపెనీ ఇచ్చే హామీ. ఆ తర్వాత నాణ్యత మెల్లగా పడిపోతుందే గానీ తెల్లారేసరికి విషమైపోదు. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు ఎక్స్‌పైరీ తేదీని తప్పనిసరి చేశాయి, బెస్ట్ బిఫోర్ కంపెనీ ఇష్టం. గడువు దాటిన తిండి సరుకు సరఫరా చేసిన పంపిణీదారూ, అమ్మిన దుకాణదారూ ఇద్దరూ బాధ్యులేనని 2006 ఆహార భద్రత చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. మిఠాయి దుకాణాల్లో పళ్లాల్లో పెట్టి విడిగా అమ్మే స్వీట్లకు కూడా 2020 అక్టోబరు 1 నుంచి తేదీ రాసి పెట్టాలన్న నిబంధన వచ్చింది. మన ఊళ్లలో ఎన్ని దుకాణాల్లో ఆ చీటీ కనపడుతోందో మీకే తెలుసు.

కాబట్టి గడువు లోపలున్న సరుకును తగ్గించి అమ్మడం నేరం కాదు, దాన్ని కొనుక్కోవడం నామోషీ కాదు. కందిపప్పు, పంచదార, సబ్బుల్లాంటివి నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. గోధుమపిండి, రవ్వ అయితే పురుగు, ముక్క వాసన చూసుకోవాలి. ఇంట్లో నెల రోజులు పట్టే డబ్బా పది రోజుల గడువుతో తెచ్చుకుంటే సగం ధర మిగిలినట్టూ కాదు, సగం డబ్బా పారబోసినట్టే. పాలు, పెరుగు, రొట్టె, కోడిగుడ్లు, మాంసం, అన్నిటికంటే ముఖ్యంగా పసిపిల్లలకు పెట్టే డబ్బా తిండి మాత్రం తగ్గింపు ఆశతో తీసుకోవద్దు. కారం పొడి సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఘాటు, రంగు పోతాయి, అంతే. అందులో అసలు ప్రమాదం తేదీ వల్ల రాదు, తడి వల్ల వచ్చే బూజుతో వస్తుంది. అఫ్లటాక్సిన్ అనేది ఆ బూజు పుట్టించే విషమే. అది నిన్న పట్టించిన పొడిలోనైనా ఉండవచ్చు.

ఇక చీటీల సంగతి. ఇది చాలామందికి తెలియదు, తెలుసుకుని తీరాలి. తూనికలు, కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం, ప్యాకెట్ మీద కంపెనీ ముద్రించిన వివరాలను మార్చడానికి విడిగా చీటీలు అంటించకూడదు. ధర తగ్గించడానికి మాత్రం అంటించవచ్చు. అదీ పాత ధరను మూసేయకుండా అంటించాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు తగ్గినప్పుడు పాత సరుకు మీద కొత్త ధర వేసుకోవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది కదా, అప్పుడు కూడా పాత ధర కనపడుతూ ఉండాలన్నదే షరతు. ఇందులో ఉన్న ఇంగితం చిన్నది కాదు. కొనేవాడికి రెండు ధరలూ కనపడాలి, ఎంత తగ్గిందో లెక్క కట్టుకోగలగాలి. చీటీ సరిగ్గా తేదీ మీదే అంటించి ఉంటే, తేదీ చెరిపినట్టో మళ్లీ గుద్దినట్టో అనిపిస్తే అది తగ్గింపు కాదు, మోసం. ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేసి 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

అయితే షాపువాడు ఎందుకు తగ్గిస్తాడు? మనమీద దయతో కాదు. గడువు దాటిన మర్నాడు ఆ ప్యాకెట్ విలువ సున్నా. పైగా దాన్ని పక్కన పెట్టడానికి, పారేయడానికి ఎదురు ఖర్చు. నూటికి యాభై వచ్చినా నయమే అన్నది అతని లెక్క. అరలో ఆ చోటు ఖాళీ అయితే కొత్త సరుకు పెట్టి పూర్తి ధరకు అమ్ముకోవచ్చు. అందుకే పాత సరుకు ముందు వరసలో, చేతికందే ఎత్తులో పెడతారు, కొత్తది వెనక్కి తోస్తారు. తెలిసినవాళ్లు చెయ్యి వెనక్కి పెట్టి తీసుకుంటారు. పెద్ద దుకాణాల్లో ఏ సరుకు గడువు ఎప్పుడో కంప్యూటర్లో ఉంటుంది. ఎన్ని రోజుల ముందు ఎంత తగ్గించాలో ముందే అనుకుని ఉంటారు. మొదట పదో ఇరవయ్యో, చివర్లో సగం. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నదానిలో ఇంకో కిటుకుంది. సగం ధర అంటే మీరు ఒకటే కొంటారు, ఉచితం అంటే రెండూ మోసుకుపోతారు. వాళ్లకు కావలసింది సరుకు కదలడం.

ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. తిండి పారబోయడం కన్నా చవగ్గా అమ్మడం మేలు. కూలికిపోయి బతికే కుటుంబానికి నూనె ప్యాకెట్ సగం ధరకు దొరికితే మాకూ సంతోషమే. కాకపోతే రెండు ప్రశ్నలు ఉన్నాయి. గడువు దగ్గరపడిన సరుకు ఎక్కడికి చేరుతోంది? ఆ తగ్గింపు సొమ్ము ఎవరి జేబులోంచి పోతోంది?

మొదటిది. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే ఆన్‌లైన్ కంపెనీల మీద ఫిర్యాదులు పెరిగాక, 2024 నవంబరులో ఆహార భద్రత ప్రాధికార సంస్థ ఒక మాట చెప్పింది. సరుకు కొనేవాడి ఇంటికి చేరేనాటికి దాని మొత్తం గడువులో కనీసం 30 శాతం, లేదా 45 రోజులు మిగిలి ఉండాలని. ఆ మరుసటి నెలలో, గడువు దాటినవీ తిరస్కరించినవీ అయిన ఆహార సరుకుల లెక్కలు మూడు నెలలకోసారి ఇవ్వాలని తయారీదార్లను, రీప్యాక్ చేసేవాళ్లను ఆదేశించింది. అలాంటి సరుకుకు మళ్లీ తేదీ కొట్టి అమ్మడాన్ని ఆపడానికే ఈ లెక్కలు. రెండూ మంచివే. కానీ నగరంలో ఇంటికి చేర్చడానికి పనికిరానిదని పక్కన పెట్టిన సరుకు మాయమైపోదు కదా. హైదరాబాద్, విజయవాడల్లో ఫోన్లో తెప్పించుకునేవాడికి 45 రోజుల హామీ ఉంది. మాచర్లలో, గురజాలలో, రెంటచింతల సంతలో కొనేవాడికి అలాంటి హామీ ఏదీ లేదు. గడువు దగ్గరపడిన సరుకు చిన్న ఊళ్లకు దిగుతోందని మా అనుమానం. చీటీ లేకుండా, తగ్గింపు లేకుండా, పూర్తి ధరకు. తండాల్లో, పల్లెల్లో చిల్లర కొట్ల ముందు వేలాడే పిల్లల చిరుతిళ్ల ప్యాకెట్లను తిప్పి తేదీ చూడండి. ఇది మేం చెప్పేకంటే మీరు చూస్తేనే మేలు. చూసింది రాసి పంపండి.

చిల్లర కొట్టు నడిపేవాడిని తిట్టి లాభం లేదు. అతనూ మనవాడే, ఎకరమో అరెకరమో కౌలుకు చేసుకుంటూ పక్కన కొట్టు పెట్టుకున్నవాడే. పెద్ద దుకాణం సరుకు దింపుకునేటప్పుడే గడువు ఎంత మిగిలిందో చూసి దింపుకుంటుంది. తక్కువుంటే వెనక్కి పంపే బలం దానికి ఉంది. చిన్న కొట్టువాడి దగ్గరికి బండి వచ్చినప్పుడు వాళ్లిచ్చిందే సరుకు. జపాన్‌లో మూడో వంతు పద్ధతి అని ఒకటి పాతుకుపోయి ఉంది. ఆరు నెలల గడువున్న సరుకు తయారైన రెండు నెలల్లోపే దుకాణానికి చేరాలి, లేకపోతే దుకాణం తీసుకోదు. దానివల్ల మంచి తిండి ఊరికే పోతోందని అక్కడి ప్రభుత్వమే ఆ పట్టు సడలించమని వ్యాపారులను అడుగుతోంది.

ఇక రెండో ప్రశ్న, మనకు అసలైనది. తగ్గించిన సొమ్ము పెద్ద షాపువాడే భరిస్తాడని చాలామంది అనుకుంటారు. భరిస్తే భరించవచ్చు. కానీ అమ్ముడుపోని సరుకును కంపెనీకి వాపసు చేయడం, తగ్గింపు భారాన్ని సరఫరాదారు బిల్లులో కోసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. పెద్ద కంపెనీకి ఇది చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ముందే ధరలో వేసుకుంటుంది. అదే సరఫరాదారు మన డ్వాక్రా మహిళలైతే? రైతు ఉత్పత్తిదారుల సంఘమైతే? గోంగూర పచ్చడో, కొర్రబియ్యమో, గానుగ నూనెనో సీసాల్లో, ప్యాకెట్లలో పెట్టి పెద్ద దుకాణాలకు ఇమ్మని ఇవాళ ప్రతి అధికారీ ఉపన్యాసం ఇస్తున్నాడు. బ్రాండ్ పెట్టండి, విలువ జోడించండి అంటున్నాడు. బాగానే ఉంది. ఇచ్చిన వంద సీసాల్లో నలభై అమ్ముడుపోక గడువు దగ్గరపడి తిరిగొస్తే ఆ నష్టం ఎవరిదో ఏ ఉపన్యాసంలోనూ వినలేదు. అరలో వెనక వరసలో పెట్టింది వాళ్లు, ధర నిర్ణయించింది వాళ్లు, మిగిలితే మాత్రం మనది.

ఐరోపా దేశాలు దీనికి చట్టం చేసుకున్నాయి. 2019లో ఐరోపా సమాఖ్య తెచ్చిన ఆదేశం ప్రకారం, త్వరగా పాడయ్యే సరుకుకు పెద్ద కొనుగోలుదారు 30 రోజుల్లోపు డబ్బు కట్టాలి. ఆఖరి నిమిషంలో ఆర్డరు రద్దు చేయకూడదు. సరుకు తన దగ్గరికి చేరాక, సరఫరాదారు తప్పు లేకుండా పాడైతే ఆ నష్టం అతని మీద వేయకూడదు. అమ్ముడుపోని సరుకు డబ్బివ్వకుండా వాపసు చేయడం, తగ్గింపుల ఖర్చు సరఫరాదారు మీద వేయడం ముందుగా స్పష్టంగా ఒప్పందంలో రాసుకుంటే తప్ప కుదరదు. బ్రిటన్‌లో పెద్ద సూపర్ మార్కెట్లు సరఫరాదారులను ఎలా చూస్తున్నాయో కనిపెట్టడానికి 2013 నుంచి ప్రత్యేకంగా ఒక అధికారి ఉన్నారు. మన దేశంలో ఇంత వివరమైన చట్టం లేదు. చిన్న పరిశ్రమల నుంచి సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని 2006 చట్టంలో ఉంది గానీ, దానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలి. పచ్చళ్లు, పొడులు తయారుచేసే మన సంఘాలు ఆ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాయో లేదో చూసుకోవాలి. వాపసు సరుకు గురించి ఒప్పందంలో ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టకండి.

ఇప్పుడు మన మిర్చి దగ్గరికి వద్దాం. టిక్కీ మీద గడువు తేదీ ముద్రించరు. అయినా కోసిన రోజు నుంచే దాని ధర తగ్గడం మొదలవుతుంది. కళ్లంలో వాన తడిస్తే మచ్చ పడిందని తగ్గింపు. యార్డుకు తోలితే తేమ ఉందని, తాలు ఉందని తగ్గింపు. పోనీ శీతల గిడ్డంగిలో పెడదామంటే బాడిగ, తెచ్చిన అప్పుకు వడ్డీ, ఆ తర్వాత నిరుటి సరుకు అని, రంగు దిగిందని మళ్లీ తగ్గింపు. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా గిడ్డంగులు ఉన్నాయి, అందులో చిన్నరైతు తన కోసం తాను దాచుకున్న బస్తాలు ఎన్ని?

అంతకుముందు క్వింటాలు 20 వేలు దాటి పలికిన మిర్చి 2025 మొదట్లో పదీ పదకొండు వేలకు కూలిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. 2 లక్షల 91 వేల టన్నులకే, అంటే పంటలో నాలుగో వంతుకే. అమ్మకం ధర అంతకంటే తగ్గితే తేడా చెల్లిస్తామన్నారు. ఆ కాగితం వచ్చేనాటికి అప్పులవాళ్ల ఒత్తిడికి తెగనమ్ముకున్నవాళ్లు మన మండలాల్లో ఎంతమందో లెక్క చెప్పక్కర్లేదు. ఆ 11,781 కిలోకు 118 రూపాయలు. అదే రోజుల్లో షాపులో కారం ప్యాకెట్ ధర తగ్గిందా? గడువు దగ్గరపడినదాని మీద ఎర్ర చీటీ పడింది, అంతే. మిగతాదంతా ముద్రించిన ధరకే పోయింది. మన ధర సగమైతే కొనేవాడికి పైసా తగ్గలేదు. కొనేవాడికి సగం చేస్తే అది ఆ అరలో పది రోజులే. ఈ రెంటికీ మధ్య ఉన్నవాళ్ల ధరకు గడువు తేదీ లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇది మేము ఉక్రోషంతో అంటున్న మాట కాదు. కొనేవాడు పెట్టే రూపాయిలో టమాటా రైతుకు చేరేది దాదాపు 33 పైసలు, ఉల్లి రైతుకు 36, బంగాళాదుంప రైతుకు 37 అని 2024 అక్టోబరులో రిజర్వు బ్యాంకు వెలువరించిన అధ్యయన పత్రాలే లెక్క కట్టాయి.

చిత్తూరు మామిడి రైతుకు 2025 జూన్, జులైలలో జరిగింది ఇంకా విడ్డూరం. గుజ్జు ఫ్యాక్టరీల్లో నిరుటి గుజ్జు అమ్ముడుపోకుండా మిగిలింది. దాంతో ఈ ఏటి తోతాపురి కాయ కొనమన్నారు, కొన్నా అడిగినంతే అన్నారు. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, కాయ బండిలోనే మెత్తబడింది. చివరికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని చెప్పారు. పాత సరుకు వాళ్లది, తగ్గింపు చీటీ మాత్రం చెట్టు మీద కాయకు పడింది. అదే గుజ్జుతో చేసిన పండ్లరసం సీసా ధర మాత్రం ఆ ఎండాకాలం ఎక్కడా 8 రూపాయల కిలో మామిడి ధరలా కనపడలేదు.

మనం అమ్మే వైపు ఇలా ఉంటే, కొనే వైపు ఇంకోలా ఉంది. సూపర్ మార్కెట్ తేదీ దగ్గరపడితే ధర తగ్గిస్తుంది. పురుగుమందుల కొట్టు తగ్గిస్తుందా? మిర్చికి, పత్తికి పిచికారీలు జోరుగా సాగే రోజుల్లో అరువు మీద మందు తెచ్చుకునే కౌలు రైతు చేతికి ఏ తేదీ డబ్బా వస్తోంది? రొక్కం ఇచ్చేవాడికి కొత్త సరుకు, అరువువాడికి అడుగున ఉన్నది. ధర మాత్రం ముద్రించినదే, పైన వడ్డీ. అడిగితే ఇష్టమైతే తీసుకో అంటారు. ఇష్టం లేకపోతే వచ్చే మిర్చి ఆ కొట్టువాడి కమీషన్ ద్వారానే అమ్మాలి గనక నోరు మూసుకోవాలి. సూపర్ మార్కెట్‌లో సేమ్యా కొనేవాడికి ఉన్నంత హక్కు కూడా పురుగుమందు కొనే రైతుకు లేకుండా పోయింది. సేమ్యా పాతదైతే ఒక పూట టిఫిన్ పాడవుతుంది. మందు పాతదై పని చేయకపోతే తామరపురుగు ఆ వారంలోనే చేను పట్టుకుపోతుంది, రైతు మళ్లీ ఇంకో డబ్బా అరువు తెస్తాడు. నల్లతామర వచ్చిన ఏడు ఇది మన ఇళ్లలో జరిగిందే.

చట్టం లేక కాదు. 1971 పురుగుమందుల నిబంధనల్లో 10-ఏ అని ఒకటుంది. గడువు తీరిన మందును తీరిన వెంటనే వేరు చేయాలి, అమ్మకానికి కాదు అని ముద్ర వేయాలి, గడువు తీరిన పురుగుమందు అన్న బోర్డు పెట్టి విడిగా కేటాయించిన చోట ఉంచాలి. మీరు వెళ్లే కొట్టులో అలాంటి చోటు ఎక్కడుందో ఈసారి అడిగి చూడండి. విత్తనాలకూ అంతే. పరీక్ష చేసిన తేదీ నుంచి తొమ్మిది నెలలే చెల్లుబాటు. మొలక శాతం మళ్లీ పరీక్షించి సరిపోతే ఇంకో ఆరు నెలలు పొడిగిస్తారు. నిరుడు అమ్ముడుపోని విత్తనం ఈ ఏడు కొత్త సంచిలో రాకుండా చూడాల్సింది వ్యవసాయాధికారులు. తిండి సరుకు మీద 45 రోజుల మాట చెప్పినట్టే, మందు డబ్బా రైతు చేతికి వచ్చేనాటికి గడువు ఇంత మిగిలి ఉండాలని ఎవరైనా చెప్పారా? పంట మొత్తానికి నాలుగైదు నెలలు పట్టే మందును నెల గడువుతో అంటగడితే అడిగే దిక్కు లేదు.

పై దేశాల్లో ఎలా ఉందో కూడా నాలుగు మాటలు. మన ఊళ్ల నుంచి లండన్, మాంచెస్టర్ చదువులకు పోయిన పిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు పసుపు చీటీల గురించి చెబుతుంటారు. సాయంత్రం పూట సూపర్ మార్కెట్లలో ఆ రోజు గడువు తీరే రొట్టె, మాంసం, కూరగాయల మీద పసుపు చీటీ వేసి బాగా తగ్గిస్తారు. ఫీజులకు పొలం తాకట్టు పెట్టి వెళ్లిన పిల్లలు ఆ వేళకే వెళ్లి తెచ్చుకుంటారు. జపాన్‌లోనూ రాత్రి దుకాణం మూసే వేళకు సగం ధర చీటీలు పడతాయి. ఫ్రాన్స్ 2016లో చట్టమే చేసింది. 400 చదరపు మీటర్లు దాటిన దుకాణం అమ్ముడుపోని మంచి తిండిని పాడుచేసి పారేయకూడదు, దాతృత్వ సంస్థలతో ఒప్పందం చేసుకుని ఇవ్వాలి. మన దేశంలోనూ మిగులు ఆహారం సేకరించి పంచడానికి 2019లో నిబంధనలు వచ్చాయి. అయితే అవి ఇచ్చేవాళ్లు ఎలా ఇవ్వాలో చెబుతాయే గానీ, తప్పక ఇవ్వాలని చెప్పవు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో దుకాణాల వాటా 12 శాతమే, ఇళ్ల వాటా 60 శాతం. కానీ మన దేశం కథ వేరు. ఇక్కడ తిండి దుకాణానికి చేరకముందే పోతుంది. కోతలో, కళ్లంలో, రవాణాలో, గిడ్డంగి లేక జరిగే నష్టం ఏడాదికి సుమారు లక్షా 53 వేల కోట్ల రూపాయలని నాబార్డుకు చెందిన సలహా సంస్థ 2022 అధ్యయనంలో అంచనా వేసింది. షాపులో పది ప్యాకెట్లు పారేస్తే అది వృథా అని ప్రపంచమంతా మాట్లాడుతుంది. రోడ్డు పక్కన టమాటా పారబోసిన రైతును పేపర్లో ఫొటో వేసి మరునాటికి మరచిపోతారు.

పేదవాడికి పాత సరుకు, ఉన్నవాడికి కొత్త సరుకు అన్న ఏర్పాటును మేము ఒప్పుకోం. కూలి గిట్టుబాటుగా ఇచ్చి, చౌక డిపోలో పప్పు నూనె సరిగ్గా ఇస్తే ఎర్ర చీటీల గంప దగ్గర ఎవరికీ నిలబడే అవసరం ఉండదు. అంగన్‌వాడీకి వచ్చే పాల ప్యాకెట్లు, పిల్లల పొడుల తేదీలు తల్లులు చూసి తీసుకోవాలని కూడా ఈ సందర్భంగా గుర్తు చేస్తున్నాం.

ప్రభుత్వాన్ని మేం అడుగుతున్నవి ఎక్కువేమీ కావు. పెద్ద దుకాణాలకు సరుకు ఇచ్చే రైతు సంఘాలకు, మహిళా సంఘాలకు 30 రోజుల్లో డబ్బు, అమ్ముడుపోనిది వాపసు చేయకుండా కట్టుదిట్టమైన చట్టం కావాలి. మందు, విత్తనం అమ్మేటప్పుడు గడువు తేదీ, బ్యాచ్ నంబరు బిల్లులో రాయడం మాటల్లో కాక చేతల్లో జరగాలి. గడువులో నాలుగో వంతు కూడా మిగలని మందును రైతుకు అమ్మితే ధర తగ్గించి, తగ్గించినట్టు బిల్లులో చూపించి అమ్మాలి. మిర్చికి జోక్యం ధర జనవరిలో మొదటి కోత యార్డుకు రాకముందే ప్రకటించాలి, నాలుగో వంతు పంటకు కాదు, వచ్చిన పంటకంతటికీ. యార్డు శీతల గిడ్డంగుల్లో కౌలు రైతులకు, చిన్నరైతులకు కొంత చోటు విడిగా కేటాయించాలి. కౌలు కార్డు లేదన్న పేరుతో వాళ్లను తిప్పి పంపకూడదు.

ఈ నెలలో సభ్యులు చేయాల్సిన పని ఒకటుంది. మందు, విత్తనం కొన్న ప్రతి బిల్లూ జాగ్రత్త చేయండి. అరువు అయినా బిల్లు అడగండి, చిత్తు కాగితం మీద రాసిచ్చింది బిల్లు కాదు. డబ్బా మీద తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఖాళీ డబ్బా పంట అయ్యేదాకా పారేయకండి, అలాగని ఇంట్లో పిల్లలకు అందేచోట పెట్టకండి. వచ్చే మండల సమావేశానికి ఆ ఫొటోలు, బిల్లులు తీసుకురండి. గ్రామాలవారీగా పట్టిక రాసి వ్యవసాయ శాఖ జిల్లా కార్యాలయంలో నరసరావుపేటలో ఇచ్చి రసీదు తీసుకుంటాం. బిల్లు ఇవ్వనన్న కొట్టు ఏదైనా ఉంటే తేదీ, అడిగిన మందు పేరు, అక్కడున్న ఇద్దరు సాక్షుల పేర్లు రాసి గ్రామ కమిటీ కార్యదర్శికి అందజేయండి.